సముద్రతీరమున మానవుని తొలి నివాసములు

(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)

   

ఈ మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. విద్యార్థివేతనములను గుఱించియు, వసతిగృహములను గుఱించియు, సహకారసంఘములను గుఱించియు మాకంటె అనుభవజ్ఞులైన పెద్దలు ఈ వేదికనుండి ప్రసంగింపనున్నారు. కావున మేము వేఱొక విషయమును గైకొంటిమి. సముద్రమును నమ్ముకొని జీవించు సంఘము మనది. మానవుడు మొట్టమొదట సముద్రపుటొడ్డున ఎన్నడు నిలిచెను, అచ్చట ఏమి తినెను, ఏమి నేర్చెను అను ప్రశ్న ఇతరులకు వట్టి పాండిత్యవిషయము కావచ్చును. మనకు మాత్రము ఇంటివిషయము. ఈ ప్రశ్నకు పురాతత్త్వశాస్త్రము ఇప్పటికి చెప్పగలిగిన సమాధానమును యథాశక్తి మనవిచేయుదుము.

తీరవాసులను గుఱించి లోకమున చులకనయభిప్రాయ మొకటి చిరకాలముగ కలదు. మానవుడు మొదట అడవిలో వేటాడెననియు, పిదప పసులను మేపెననియు, ఆపైని నేల దున్నెననియు, దానినుండి నగరములును రాజ్యములును పుట్టెననియు పాఠ్యపుస్తకములు చెప్పుచుండును. ఆ వరుసలో సముద్రపుటొడ్డునకు చోటే లేదు. 1832వ సంవత్సరాంతమున దక్షిణామెరికా కొననున్న తియెర్రా దెల్ ఫ్యూగో దీవులను చూచిన డార్విను పండితుడు, గుల్లలు తిని జీవించు అచ్చటి జనులను మిక్కిలి దీనులనుగా వర్ణించెను. మహాపండితుని కన్నులకే అట్లు తోచినప్పుడు సామాన్యుల మాట చెప్పనేల? మన పిల్లలు పాఠశాలలో తండ్రి వృత్తిని అడిగినప్పుడు తలవంచుకొనుట ఈ సభలోనివారెల్లరు ఎఱిగినదే. ఆ తలవంపునకు ఆధారమున్నదా లేదా యను విషయమును విచారింతము.

ఈ విచారణ మొట్టమొదట శాస్త్రీయముగ సాగినది డెన్మార్కు దేశమున. ఆ దేశపు తీరమున పెద్ద గుల్లదిబ్బలు పెక్కు కలవు. అవి సముద్రము తనంతట వేసిన మేటలని చాలమంది తలంచుచుండిరి. 1848లో ఫోర్క్‌హామ్మరు అను భూగర్భశాస్త్రజ్ఞుని, స్టేన్‌స్ట్రుప్ అను జంతుశాస్త్రజ్ఞుని, వొర్సో అను పురాతత్త్వజ్ఞుని ఈ విషయమును పరిశీలించుటకై యొక సంఘముగ నియమించిరి. 1850లో మైల్‌గోర్ అనుచోట బాటకు పఱచుటకై దిబ్బను తవ్వుచుండగా గుల్లలనడుమ మనుష్యులు చేసిన పనిముట్లు బయటపడెను. వేలకొలది సంవత్సరములు మనుష్యులు తిని పాఱవేసిన గుల్లలే ఆ దిబ్బలని తుదకు రుజువయ్యెను. ‘వంటింటి కసవుకుప్ప’ యని యర్థమిచ్చు డేనిషు పేరును స్టేన్‌స్ట్రుప్ పండితుడు వానికి పెట్టెను. 1893 మొదలు 1897 వఱకు తవ్విన ఎర్తెబోలె దిబ్బ సుమారు 140 మీటరుల పొడవు కలది.

సముద్రము వేసిన మేటను, మనిషి వేసిన కుప్పను వేఱుపఱచుట ఎట్లని యడుగవచ్చును. ఇది మన తీరవాసులు తప్పక తెలిసికొనదగిన సంగతి. అలలు వేసిన మేటలో చిన్నవియు పెద్దవియు, తినదగినవియు తినదగనివియు అన్ని గుల్లలును కలసియుండును. అవి అరిగి నలిగి, ఇసుకతో గులకరాళ్లతో కూడియుండును. మనిషి కుప్పలో ఎదిగిన గుల్లలే మెండు. అందును తినదగిన రెండుమూడు జాతులే. వానినడుమ బొగ్గును, బూడిదయు, కాలిన రాళ్లును కనబడును. చేపముండ్లు, పక్షుల యెముకలు, కత్తిగాటు పడిన జంతువుల యెముకలు దొరకును. రాతిపెచ్చులో, కుండపెంకులో దొరకినచో ఇక సందేహముండదు. మఱియొక విశేష మేమనగా, గుల్లలలోని సున్నము మట్టిలోని పులుపును విఱుచును. అందువలన బయలునేలలో కరగిపోవలసిన సన్నని ముల్లుకూడ గుల్లదిబ్బలో వేలయేండ్లు చెక్కుచెదరక నిలుచును. గుల్ల యంచునందలి పెరుగుదలగీతలను, చేప చెవిలోని చిన్నరాతిని పరీక్షించి, ఆ జీవిని ఏ ఋతువున పట్టిరో కూడ శాస్త్రజ్ఞులు చెప్పగలుగుచున్నారు. పేదవాని యెంగిలికుప్ప చరిత్రకారునికి గ్రంథభాండాగారమైనది.

డెన్మార్కు విద్య ఇతరదేశములకు శీఘ్రముగనే వ్యాపించెను. గుల్లజీవులను పరిశోధించుటకు 1877లో జపానునకు పోయిన మోర్సు అను అమెరికా పండితుడు, యొకొహామానుండి తోక్యోనగరమునకు పోవుచు ఓమొరివద్ద పొగబండి కిటికీలోనుండి గుల్లలదిబ్బ నొకదానిని కనిపెట్టెను. దానిని తవ్వగా త్రాటిగుర్తులు కల కుండలు బయటపడెను. జపానువారు తమ దేశచరిత్రలోని యొక మహాయుగమునకు ఆ త్రాటిగుర్తులనుబట్టియే ‘జోమోన్’ అని పేరిడిరి. మన బంగాళాఖాతమునందును ఇట్టివి లేకపోలేదు. అండమాను దీవులలోని గుల్లదిబ్బలను గుఱించి స్టోలిచ్కా పండితుడు 1870లోనే వ్రాసెను. పిమ్మట జరీన్ కూపరు అను విదుషి వానిని తవ్వి, కొన్ని దిబ్బలు సుమారు 2,200 ఏండ్లనాటివని తేల్చెను.

ఇవి యన్నియు ఇటీవలివే యనదగును. ఇంతకంటె ఎన్నో రెట్లు ప్రాచీనమైన సాక్ష్యము దక్షిణాఫ్రికాయందు దొరకినది. మోసెల్ బే పట్టణసమీపమున పినకిల్ పాయింటు అను కొండకొమ్మున సముద్రాభిముఖముగ గుహలు కలవు. కర్టిస్ మరియన్ అను పండితుడును, ఆయన సహచరులును అందులో నొక గుహను తవ్వి, 2007లో తమ నిర్ణయమును ప్రకటించిరి. సుమారు 1,64,000 సంవత్సరముల క్రిందటనే అచ్చటి మనుష్యులు ఆల్చిప్పలు మొదలగువానిని ఏరి తెచ్చి నిప్పులపై కాల్చుకొని తినిరి, సన్నని రాతిపలుగులు చేసిరి, ఎఱ్ఱకావిరాతిని నూరిరి. తిమింగలముల మేనిపై మాత్రమే పెరుగు గుల్ల యొకటియు ఆ గుహయందు దొరకినది. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తిమింగలమును వారు కోసి తెచ్చుకొనిరని దానివలన ఊహింపవచ్చును. ఆ గుహ నేటి సముద్రమట్టమునకు పదునైదు మీటరుల యెత్తుననుండుటచే తరువాత సముద్రము పొంగినప్పుడు అలలవాత పడక తప్పించుకొన్నది. పల్లముననున్న గుహలలోని సాక్ష్యమును సముద్రము కడిగివైచినది.

ఇందొక సూక్ష్మము కలదు. గుల్లలు ఏరుట తేలికపనియని అనుకొనువారు ఆ పని చేసి యెఱుగరు. రాళ్లపై అల విఱుగుచుండగా అడుగుపెట్టువాడు పోటును ఎఱుగవలయును. అమావాస్యకును పున్నమికును నీరు మిక్కిలి వెనుకకు తీయునని, అప్పుడే లోపలి రాళ్లు బయటపడునని, ఎన్ని గడియలకు మరల నీరు పొంగునో లెక్క తప్పినచో ప్రాణముమీదికి వచ్చునని మన తీరమున చిన్నపిల్లలకు సైతము తెలియును. పినకిల్ పాయింటు జనులును చంద్రుని నడకను చూచి సముద్రముయొక్క వేళలను లెక్కపెట్టియుందురని మరియన్ పండితుడు అభిప్రాయపడెను. ఆ యభిప్రాయమే నిజమైనచో ఆకాశమును చూచి కాలమును లెక్కించు విద్యకు సముద్రపుటొడ్డే తొలి బడి యగును. ఏరువారిలో స్త్రీలే ముఖ్యులని నేటి జనులను చూచి చెప్పవచ్చును. ఉత్తర ఆస్ట్రేలియాలోని అన్బర్రా జనులయొద్ద వసించి బెట్టీ మీహన్ అను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమునందు, గుల్లలు ఏరుట ప్రధానముగ స్త్రీల పనియనియు, కుటుంబమునకు నికరమైన యాహారము దానివలన లభించెననియు విశదముగ చూపెను. వేటకాండ్రు వట్టిచేతులతో మరలివచ్చిన దినమునను గుల్లలు ఏరిన యాడువారు బిడ్డల యాకలి తీర్చిరి. చేపలతట్టను తలనెత్తుకొని క్రోసులకొలది నడచు మన తల్లులు ఈ మాటను గ్రహింతురుగాక.

అదే దేశమున బ్లాంబాస్ గుహయందు హెన్షిల్‌వుడ్ పండితుడు చేసిన త్రవ్వకములలో, సుమారు 75,000 ఏండ్లనాటి చిన్నగుల్లలకు రంధ్రములు వేసి కూర్చిన పూసలు దొరకెను. సుమారు లక్ష సంవత్సరములనాటి పెద్దచిప్పలలో ఎఱ్ఱరంగును కలిపి దాచిన జాడలును అచ్చటనే కనబడెను. ఆకలి తీరినపిదప అలంకారమును గుఱించి తలంచినవాడు పశువు కాడు. ఆ మనుష్యులకు మనవంటి మనస్సే యుండెను.

ఒడ్డుననుండి లోనికి ఎన్నడు పోయిరి? ఆస్ట్రేలియా ఖండమునకు మానవుడు సుమారు 50,000 ఏండ్ల క్రిందట చేరెననుట నేడు పలువు రంగీకరించిన విషయము. అప్పుడు సముద్రము నేటికంటె పల్లముననున్నను, ఆసియాకును ఆస్ట్రేలియాకును నడుమ నీరు లేని బాట ఎన్నడును లేదు. కావున వారు తెప్పయో దోనెయో కట్టి దాటిరనుట నిశ్చయము. ఆ తెప్ప మనకు దొరకలేదు, కఱ్ఱ కుళ్లిపోవును. దాటిన జనులు మాత్రము దానికి సాక్షులైరి. ఆ దారిలోనే యున్న తూర్పు తైమూరు దీవిలో జెరిమలై అను గుహయందు 42,000 ఏండ్లనాటి చేపయెముకలు దొరకినవని స్యూ ఓకానర్ అను విదుషి 2011లో ప్రకటించెను. అందులో సూరజాతి చేపలును కలవు. ఒడ్డున నిలిచి చేతితో పట్టుకొనదగిన చేప సూర కాదని ఈ సభకు వేఱుగ చెప్పనక్కఱలేదు. గుల్లతో చెక్కిన గాలములును అదే గుహయందు లభించినవి.

ఇట్టి సాక్ష్యములు ఇంత యరుదుగ దొరకుటకు కారణ మేమి? తీరవాసులు కొలదిమందియే యగుటవలన కాదు. వారి నివాసములు చాలవఱకు నేడు సముద్రగర్భమున నుండుటయే కారణము. సుమారు ఇరువదివేల ఏండ్ల క్రిందట లోకమున మంచు మిక్కిలి పేరుకొనియున్నప్పుడు సముద్రము నేటికంటె ఇంచుమించు 120 మీటరులు పల్లమున నుండెను. పినకిల్ పాయింటువద్ద తీరము నేటి తీరమునకు 90 కిలోమీటరులకు మించి దూరమున నుండెను. పిదప మంచు కరగి నీరు పొంగుచు వచ్చి, సుమారు 7,000 ఏండ్ల క్రిందట ఇంచుమించు నేటి మట్టమునకు చేరెను. ఆ నడుమ ఒడ్డున వసించినవారి పల్లెలను, పొయ్యిలను, గుల్లదిబ్బలను సముద్రము తన కడుపులో దాచుకొనెను.

అట్లు దాచినదానిని తొలుత లోకమునకు చూపినవారిలో జాలరులు ముఖ్యులు. 1931లో కొలిండా అను ఈడ్పువల పడవ ఇంగ్లండునకు తూర్పున ఉత్తరసముద్రమున చేపలు పట్టుచుండగా, వలలో నల్లని మట్టిపెళ్ల యొకటి పడెను. దానిని పాఱతో కొట్టగా, లోపల జేనెడు పొడవున కొమ్ముతో చెక్కిన ముండ్లయలుగు బయటపడెను. పడవనాయకుడు దానిని సముద్రములోనికి విసరివేయక ఒడ్డునకు తెచ్చెను. అది పదివేల ఏండ్లకు పైబడినదని తరువాత తేలినది. ఇంగ్లండును హాలెండు డెన్మార్కులతో కలిపిన విశాలభూమి యొకటి ఆ నీటిక్రింద నున్నదని పండితులు దృఢపఱచుకొనుటకు ఆ యలుగు తోడ్పడినది. 1998లో బ్రయొనీ కోల్స్ అను విదుషి ఆ భూమికి డాగర్‌లాండు అని పేరిడెను. ఆ జాలరి పెళ్లను నీట పాఱవేసియున్నచో ఆ సాక్ష్యము మరల దొరకియుండునో లేదో!

ఇట్టి మునిగిన నివాసములు మఱికొన్ని కలవు. ఫ్రాంసుదేశమున మార్సేయు నగరసమీపమున కోస్కే అను నీటిలోతు ఈతగాడు కనిపెట్టి 1991లో తెలియజేసిన గుహయొక్క ద్వారము నీటికి 37 మీటరుల క్రింద నున్నది. లోపలి గోడలపై గుఱ్ఱములతోపాటు సీలులును, సముద్రపక్షులును చిత్రింపబడియున్నవి. డెన్మార్కున టిబ్రింద్ విగ్ అనుచోట నీటిక్రింద చెక్కడపుపని కల తెడ్లును, ఒకే మ్రానును తొలిచి చేసిన దోనెయు దొరకెను. ఆ దోనె వెనుకభాగమున నిప్పుంచుటకు మట్టిగూడు కలదు. రాత్రివేళ వెలుతురు చూపి చేపలను రప్పించుటకై యుండవచ్చునని పండితులందురు. ఇజ్రాయేలు తీరమున 1984లో బయటపడిన అత్లీత్ యామ్ అను పల్లె సుమారు 9,000 ఏండ్లనాటిది. ఇప్పుడు 8 మొదలు 12 మీటరుల లోతున నున్నది. అచ్చటివారు పైరులు పండించిరి, పసులను పెంచిరి, చేపలు పట్టిరి. కొందఱు పురుషుల చెవియెముకలు చలినీటిలో పలుమాఱు మునుగుటచే బలిసియున్నవి. వారు రాతితో కట్టిన బావి కలదు. సముద్రము దగ్గఱై నీరు ఉప్పబడగా దానిని చెత్తగుంటగ వాడుకొనిరి. పల్లె విడుచుటకు ముందు వారనుభవించిన కష్టము, ఉప్పాడ మొదలగు మన తీరగ్రామములలో ఇండ్లు కెరటములపాలగుట చూచినవారికి తేలికగ నర్థమగును.

ఇక మన తీరముమాట. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ నున్న ఎఱ్ఱమట్టిదిబ్బలు మనమెల్లరము ఎఱిగినవే. 2025లో యునెస్కోవారి తాత్కాలికపట్టికయందు అవి చేరినవి. అచ్చట రాతిపనిముట్లు దొరకినవి. తిరునెల్వేలి ప్రాంతపు తీరమున ‘తేరి’ యని పిలువబడు ఎఱ్ఱయిసుక మెట్టలపై దొరకిన చిన్నరాతిపనిముట్లను గుఱించి జాయినర్, ఆల్చిన్ పండితులు 1956లో విపులముగ వ్రాసిరి. కృష్ణా గోదావరీ నదుల ముఖభూములలో నేటి సముద్రమునకు చాల దూరమున ఇసుకమెట్టలు వరుసలుగ నున్నవి. అవి ఒకప్పటి ఒడ్డుగీతలు. దీనినిబట్టి తేలున దేమి? గడచిన ఆఱేడువేల యేండ్ల తీరవాసుల జాడలను ఆ ప్రాంతమున నేటి ఒడ్డున కాక, లోపలి ఇసుకమెట్టలపై వెదకవలయును. అంతకు పూర్వపువారి జాడలను నీటిక్రింద వెదకవలయును. ఆ రెండు చోట్లను నిత్యము తిరుగువారు మన వారే. మెట్టలపై మన పల్లెలున్నవి. నీటిపై మన వల లున్నవి.

ఈ సందర్భమున ఒక మాట నిర్మొగమాటముగ చెప్పవలసియున్నది. ఇట్టి సంచికలలో కులముయొక్క ప్రాచీనతను చాటుట వాడుక. పినకిల్ పాయింటు జనులు మన కులమునకే మూలపురుషులని చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట మాకు సమ్మతము కాదు. ఆనాడు కులములు లేవు. ఆ ప్రాచీన మానవులు లోకమునందలి జనులకెల్ల బంధువులు. దున్నువానికిని, నేయువానికిని, వేదము చదువువానికిని వారితోడి చుట్టఱికము మనకెంతయో అంతయే. అయినను మన కొక ఫలము దక్కుచున్నది. సముద్రపుటొడ్డున జీవించుట, గుల్ల ఏరుట, వల వేయుట అను పనులు నాగరకత యెఱుగని వెనుకబాటు పనులు కావు. మానవుడు బుద్ధిచే మానవుడైన కాలమునుండి చేయుచు వచ్చిన పనులు. నాగలికంటె గాలము పాతది. ఇది కులగర్వమునకు కారణము కాదు. కాని మన పిల్లవాడు తండ్రి వృత్తిని చెప్పునప్పుడు తల యెత్తుకొని చెప్పుటకు చాలినంత కారణము.

కడపట మూడు మనవులు. మొదటిది, మరపడవలపైని పోవు యువకులకు. వలలో వింతరాయియో, చెక్కిన కొమ్మో, ప్రాతకుండయో, నల్లని మట్టిపెళ్లయో పడినచో పాఱవేయకుడు, పగులగొట్టకుడు, అమ్ముకొనకుడు. పడిన చోటును, లోతును, తేదిని వ్రాసియుంచి, పురావస్తుశాఖవారికో, గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞానసంస్థవారికో తెలియజేయుడు. సున్నమునకై గుల్ల తవ్వువారును బొగ్గో, ఎముకయో, రాతిపెచ్చో కనబడినచో పాఱ నిలిపి కబురంపవలయును. బట్టీలో కాలిన సాక్ష్యము మరల రాదు.

రెండవది, చదువుకొన్నవారికి. కొండగుర్తులను చూచి నడిసముద్రమున చోటును తెలిసికొను నేర్పు, గాలుల పేరులు, నీటివాటముల పేరులు, చేపల రాకడవేళలు మన వృద్ధుల నాలుకలపై నున్నవి. యంత్రములు వచ్చినపిదప ఆ విద్య నేర్చువారు తగ్గుచున్నారు. ఒక్కొక్క గ్రామమున ఒక్కొక్కరు పూనుకొని దానిని వ్రాసిపెట్టవలయును. ప్రాతగుల్లలకు అర్థము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు బ్రతికియున్న ఆ విద్యయే తాళపుచెవి.

మూడవది, పోషకమహాశయులకు. మీ యౌదార్యమువలన మన విద్యార్థులు వైద్యులును, ఇంజనీర్లును అగుచున్నారు, సంతోషము. అట్లే ఏటేట ఒక్క విద్యార్థికైనను, ఒక్క విద్యార్థినికైనను పురాతత్త్వమునో, భూగర్భశాస్త్రమునో, సముద్రశాస్త్రమునో చదువుటకు వేతన మొసంగుడు. మునిగిన యొడ్డులను వెదకు పండితులకు పుస్తకవిద్య కలదు. సముద్రముతోడి పరిచయము అలవడవలయును. మన పిల్లలకు సముద్రము ఉగ్గుపాలతో వచ్చినది, పుస్తకవిద్య అలవడవలయును. రెండును ఒక్కచోట చేరిననాడు మన తీరచరిత్రను మనవారే వ్రాయగలరు.